జపాన్ కంపెనీతో తొలి సమావేశం: తేదీ అడిగిన రోజు నుంచి జవాబు వచ్చే రోజు దాకా

జపాన్ కంపెనీ ఒకదానితో మీకు మొదటిసారి సమావేశం కుదిరిందనుకుందాం. మీరు హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో మీ సంస్థ తరఫున వెళ్తూ ఉండవచ్చు. లేదా టోక్యోలోనే, భారతీయులు ఎక్కువగా కాపురముండే నిషి కసాయ్ లాంటి పేటలో ఉంటూ, మీ జపాన్ యజమాని తరఫున మరో జపాన్ కంపెనీ గడప తొక్కబోతూ ఉండవచ్చు. ఎవరిని సలహా అడిగినా వంగి నమస్కరించడం గురించీ, కార్డు రెండు చేతులతో ఇవ్వడం గురించీ చెబుతారు. అవి తెలుసుకోవలసినవే. అయితే వాటిలో చిన్న పొరపాటు చేసిన విదేశీయుణ్ణి అక్కడివాళ్ళు పెద్దగా పట్టించుకోరు. వాళ్ళను నిజంగా ఇబ్బంది పెట్టే పని వేరే ఉంది: ముందుగా చెప్పని విషయాన్ని నలుగురి ఎదుటా బల్లమీద పెట్టి, అప్పటికప్పుడు జవాబు అడగడం. మనవైపు సమావేశమంటే కూర్చుని తేల్చుకునే చోటు. అక్కడ తేల్చుకోవడమంతా ముందే జరిగిపోతుంది, తేలిన మాటను అందరూ కలిసి వినడానికే గదిలో కూర్చుంటారు. కాబట్టి ఈ వ్యాసంలో గదిలో గడిపే గంట కంటే దానికి ముందూ వెనకా ఉన్న రోజుల గురించి ఎక్కువ చెబుతాను.

మొదటి పని: తేదీ అడగడం

జపాన్‌లో చాలా కంపెనీల ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. కాబట్టి మార్చి చివరి వారాల హడావిడి మీకు వేరే చెప్పనక్కరలేదు. దానితోపాటు ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా వచ్చే గోల్డెన్ వీక్ సెలవులను, ఆగస్టు మధ్యలో పితృదేవతలను తలుచుకునే ఒబోన్ రోజులను, డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా ఉండే కొత్త సంవత్సరపు విరామాన్ని వదిలేయండి. ఆ రోజుల్లో రమ్మని అడిగితే వాళ్ళు కాదనలేక ఇబ్బంది పడతారు.

ఒక్క తేదీ ఇచ్చి ‘వీలవుతుందా’ అని అడగకండి. మూడు తేదీలు ఇచ్చి, ప్రతి తేదీ పక్కనా వారం పేరు రాసి, వారికి అనువైనది ఎంచుకోమనండి. జపాన్ ఉత్తరాల్లో తేదీ పక్కన వారం లేకపోతే కూరలో ఉప్పు మరిచినట్టే ఉంటుంది. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, ఇండియా నుంచి ఆన్‌లైన్‌లో కలిసేవారు రెండు సమయాలూ రాయాలి. వారి ఉదయం 10 గంటలు మనకు 6.30.

రెండో పని: మీ పేరును పలికేలా చేయడం, కార్డు అచ్చు వేయించడం

దీన్ని మనవాళ్ళు చాలా తేలిగ్గా తీసుకుంటారు. జపాన్ ఆఫీసులో మనిషిని ఇంటిపేరుకు ‘సన్’ (మన ‘గారు’ లాంటిది) చేర్చి పిలుస్తారు. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏది పడితే, ఉద్యోగం చేసినంత కాలమూ మీరు అక్కడ ఆ పేరుతోనే చెల్లుబాటవుతారు. అమ్మానాన్నలు పిలిచే పేరు ఎవరికీ తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. అందుకే ఏ పేరుతో పిలిపించుకోవాలో మీరే నిర్ణయించుకుని, ఆ పేరును కార్డుమీద, పరాయి మాటలు రాయడానికి వాళ్ళు వాడే కతకాన లిపిలో వేయించండి. మూడు నాలుగు అక్షరాల్లో పలికే పేరైతే అందరికీ సుఖం. వెంకట సూర్యనారాయణ అనే పేరంతా వేస్తే, చదవలేక ఎదుటివారు లోలోపలే కుంగిపోతారు.

జపనీయులకు ల, ర ఒకటే. సంయుక్తాక్షరాలు దాదాపు లేవు. లక్ష్మి అక్కడ ‘రకుషుమి’ అవుతుంది, శ్రీనివాస్ ‘షురినివాసు’ అవుతాడు. మనకు ఇందులో ఒక అనుకూలత ఉంది. మనది అజంత భాష, వారిది కూడా మాటలు చాలావరకు అచ్చుతో ముగిసే భాషే. పరాయి మాటకు మనం చివర ‘ఉ’ చేర్చుకున్నట్టే వాళ్ళూ చేర్చుకుంటారు. మన బస్సు వారికి ‘బసు’, మన బీరు వారికీ అచ్చంగా ‘బీరు’. పేరు చివర ‘ఉ’ వినబడితే హిందీవాళ్ళకు కొత్తగా ఉంటుందేమో గానీ మనకు ఊళ్ళో పిలుపులాగే ఉంటుంది. ఒకసారి ఎంచుకున్న కతకాన రూపాన్ని బ్యాంకులోనూ ఆఫీసులోనూ కార్డుమీదా ఒకేలా ఉంచండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా జీతం ఖాతాలో పడడం ఆగిపోవచ్చు.

విజిటింగ్ కార్డును అక్కడ మేషి అంటారు. సర్వసాధారణమైన కొలత 91 మిల్లీమీటర్ల పొడవు, 55 మిల్లీమీటర్ల వెడల్పు. ఒకవైపు జపనీస్, మరోవైపు ఇంగ్లీషు వేయించండి. సమావేశానికి వచ్చేవారికి రెండింతల కార్డులు పట్టుకెళ్ళండి, ఎందుకంటే చెప్పినదానికంటే ఇద్దరు ముగ్గురు ఎక్కువగా రావడం మామూలే. కార్డులు పెట్టుకోవడానికి తోలుదో గుడ్డదో ఒక చిన్న పెట్టె కొనుక్కోండి. పర్సులో పెట్టి, ఆ పర్సును ప్యాంటు వెనక జేబులో పెట్టి, దానిమీద కూర్చుని, ఆ వంగిన కార్డును తీసి ఇవ్వడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

మూడో పని: నెమవాషి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. నెమవాషి అనేది తోటమాలుల మాట. పెద్ద చెట్టును ఒకచోటి నుంచి మరోచోటికి మార్చాలంటే, అనుకున్న రోజున గడ్డపార పట్టుకుని వెళ్తే చెట్టు చస్తుంది. కొన్ని నెలల ముందే చుట్టూ తవ్వి, కొన్ని వేర్లు కోసి, మొదలు దగ్గర కొత్త పీచు వేర్లు పుట్టేదాకా ఆగి, ఆ తరవాత మట్టిగడ్డతో సహా లేపాలి. వేరు చుట్టూ తిరగడమే ఆ మాటకు అర్థం. ఆఫీసులో దాని అర్థం, ప్రతిపాదనను సమావేశంలో పెట్టక ముందే సంబంధం ఉన్న ఒక్కొక్కరినీ విడిగా కలిసి, వారి అభ్యంతరం విని, ప్రతిపాదనను దానికి తగ్గట్టు సవరించుకోవడం.

బయటివారైన మీరు వారి ఆఫీసులో బల్లబల్లకూ తిరగలేరు. ఆ పని మీ తరఫున చేసే మనిషి ఒకరుంటారు. వారిని తంతోష, అంటే ఆ పని బాధ్యత చూసే ఉద్యోగి, అంటారు. పెద్ద హోదా ఉండదు, చాలాసార్లు మీకంటే చిన్నవయసువారే ఉంటారు. మనవాళ్ళు చేసే పెద్ద తప్పు ఈ మనిషిని దాటి నేరుగా డైరెక్టరును పట్టుకోవాలని చూడడం. అలా చేస్తే డైరెక్టరు మర్యాదగా విని, కాగితాలన్నీ తీసుకెళ్ళి మళ్ళీ ఆ చిన్న ఉద్యోగి బల్లమీదే పెడతారు. ఈసారి ఆ ఉద్యోగికి మీమీద ఉత్సాహం ఉండదు.

కాబట్టి సమావేశానికి కనీసం వారం ముందు మీ కాగితాల చిత్తుప్రతిని తంతోషకు పంపి మూడు సంగతులు అడగండి. ఆ రోజు ఎవరెవరు వస్తున్నారు? వారిలో ఎవరికి ఏ విషయంలో సందేహం ఉండవచ్చు? ఈ కాగితాల్లో ఏ పేజీ ఇబ్బందిగా ఉంది? మూడో ప్రశ్నకు నేరుగా జవాబు రాదు. ‘ఏడో పేజీ కొంచెం...’ అని ఆగిపోతారు. ఆ చుక్కల్లోనే మీ జవాబు ఉంది. ఏడో పేజీ తీసేయండి, లేదా మార్చి మళ్ళీ పంపండి.

ఇంత శ్రమ ఎందుకో తెలియాలంటే రింగి అనే పద్ధతి తెలియాలి. కంపెనీ ఒక ఖర్చుకో కొత్త ఒప్పందానికో సిద్ధపడాలంటే, కింది ఉద్యోగి ఒక పత్రం రాస్తారు. అది మెట్టుమెట్టుగా పైకి వెళ్తుంది. ప్రతి అధికారీ చూసి తన ముద్ర వేస్తారు. ఆ ముద్రను హన్‌కో అంటారు. పాత రింగి కాగితం మీద వరసగా చిన్న గడులుంటాయి, ఒక్కో గడిలో ఒక్కో ఎర్ర ముద్ర. కొన్ని ఆఫీసుల్లో కింది ఉద్యోగి తన ముద్రను పై అధికారి గడివైపు కొద్దిగా వంచి వేస్తారు, ముద్ర కూడా నమస్కారం పెట్టినట్టు. 2020లో అప్పటి పరిపాలన సంస్కరణల మంత్రి కోనో తారో ప్రభుత్వ పనుల్లో ఈ ముద్రలను తగ్గించడానికి పూనుకున్నారు. అదే కాలంలో ఇంటినుంచి పనిచేయడం పెరిగి, చాలా కంపెనీలు కంప్యూటరులోకి మారాయి. ముద్ర పోయినచోట కూడా మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. మధ్యలో ఏ ఒక్కరికి సందేహం వచ్చినా పత్రం కిందికి తిరిగి వస్తుంది.

అంటే మీరిచ్చే కాగితాలు ఆ కింది ఉద్యోగి రాయబోయే రింగి పత్రానికి ముడిసరుకు. ఖర్చు లెక్క, వేరే మార్గాలతో పోలిక, ఏది చెడిపోతే ఏం చేస్తామన్న వివరం, ఈ మూడూ వారు యథాతథంగా ఎత్తి రాసుకునేలా ఉండాలి. ‘ప్రపంచస్థాయి’, ‘అత్యుత్తమ’ లాంటి మాటలు ఏ గడిలోనూ ఇమడవు. నిర్ణయానికి నెలలు పడితే విసుక్కోకండి. నిర్ణయమయ్యేసరికి అందరికీ విషయం తెలిసి ఉంటుంది కాబట్టి, ఆ తరవాత పని వేగంగా సాగుతుంది. అప్పుడు ‘ఇప్పుడే మొదలుపెడుతున్నాం, మనుషుల్ని చూసుకుంటున్నాం’ అని మీరు అంటే, ఆలస్యం మీదవుతుంది.

నాలుగో పని: వేళకు చేరడం

వారి భవనం దగ్గరికి అరగంట ముందు చేరండి, రిసెప్షన్ దగ్గరికి మాత్రం అయిదు నిమిషాల ముందే వెళ్ళండి. మరీ ముందు వెళ్ళినా వారికి ఇబ్బందే, ఎందుకంటే ఎవరో ఒకరు పని వదిలి వచ్చి మిమ్మల్ని కూర్చోబెట్టాలి. రైలు ఆలస్యమైతే స్టేషనులో చియెన్ షోమేషో అనే ఆలస్య ధ్రువపత్రం ఇస్తారు, చాలా రైల్వేల వెబ్‌సైట్లలోనూ దొరుకుతుంది. మీ సొంత ఆఫీసుకు అది పనికొస్తుంది. క్లయింటుకు మాత్రం ఆలస్యమవుతుందని తెలిసిన క్షణమే ఫోన్ చేయాలి, చేరాక కాగితం చూపిస్తే ఎవరూ మెచ్చరు. చలికాలపు కోటు భవనంలోకి అడుగుపెట్టక ముందే విప్పి, లోపలి పొర బయటికి వచ్చేలా మడిచి చేతిమీద వేసుకోండి. ఎస్కలేటరు మీద టోక్యోలో ఎడమవైపు, ఒసాకాలో కుడివైపు నిలబడే అలవాటుంది. ముందువారు నిలబడినవైపే మీరూ నిలబడితే చాలు.

అయిదో పని: ఎక్కడ కూర్చోవాలి

గదిలో తలుపుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుర్చీ పెద్దపీట, దాన్ని కమిజ అంటారు. తలుపు దగ్గరిది షిమొజ, చిన్నవారి చోటు. అతిథులను లోపలివైపు కూర్చోబెడతారు. మీరు అతిథులైనా, చూపించక ముందే వెళ్ళి పెద్దపీట ఎక్కకండి; చూపించాక ‘వద్దులెండి, ఇక్కడే కూర్చుంటాం’ అని మన పద్ధతిలో బెట్టు కూడా చేయకండి. టాక్సీలో డ్రైవరు వెనక సీటు పెద్దవారిది, డ్రైవరు పక్క సీటు చిన్నవారిది. కారు యజమానే స్వయంగా నడుపుతుంటే మాత్రం ఆ పక్క సీటే గౌరవ స్థానమవుతుంది. లిఫ్టులో మీటల దగ్గర నిలబడేది చిన్నవారు. టీ వచ్చాక, తీసుకోండి అనేదాకా ముట్టకండి.

ఆరో పని: కార్డులు మార్చుకోవడం

ఇది బల్లమీదుగా చేతులు చాచి చేసే పని కాదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, ఎదురుగా నిలబడి చేయాలి. అమ్మడానికి వచ్చినవారు, ఎదుటివారి ఆఫీసుకు వచ్చినవారు, వయసులో హోదాలో చిన్నవారు ముందు ఇస్తారు. అంటే తొలి సమావేశంలో దాదాపు ఎప్పుడూ మీరే. అయితే మీ బృందంలో పెద్దవారు, వారి బృందంలో పెద్దవారితో ముందు మార్చుకోవాలి. ఆ తరవాతే మీ వంతు.

కార్డును పెట్టెలోంచి ముందే తీసి, పెట్టెమీద సిద్ధంగా ఉంచుకోండి. అక్షరాలు ఎదుటివారికి తిన్నగా కనిపించేలా తిప్పి, కంపెనీ పేరూ మీ పేరూ చెబుతూ, ఛాతీ ఎత్తులో చాచండి. ఇద్దరూ ఒకేసారి ఇచ్చుకునేటప్పుడు కుడిచేత్తో మీది ఇస్తూ, ఎడమచేతిలోని పెట్టెను పళ్ళెంలా పట్టి వారిది అందుకోవాలి. వెంటనే కుడిచేతిని కూడా చేర్చి రెండు చేతులతో పట్టుకోవాలి. మీ కార్డు వారి కార్డు కంటే ఒక అంగుళం కిందుగా ఉండేలా చూసుకోండి. వాళ్ళూ అదే పని చేయబోతారు. ఇద్దరూ పోటీపడి కిందికి దించుకుంటూ పోయి మోకాళ్ళ దాకా వచ్చిన సందర్భాలు నేను చూశాను. ఒకచోట నవ్వుకుని ఆగిపోవచ్చు. అందుకునేటప్పుడు ‘చోదాయ్ ఇతషిమస్’ అనండి, స్వీకరిస్తున్నాను అని దాని అర్థం.

అందుకున్న కార్డును చదవండి, పైకే చదవండి. పేరు ఎలా పలకాలో తెలియకపోతే అడగడం తప్పు కాదు. చిత్రలిపిలో రాసిన పేర్లు ఎలా చదవాలో జపనీయులకే ఒక్కోసారి తెలియదు. ఇందాక చెప్పిన మంత్రి ఇంటిపేరు ‘కోనో’ను రాసే రెండు అక్షరాలనే మరో కుటుంబం ‘కవనొ’ అని చదువుకుంటుంది. కూర్చున్నాక, అందరిలో పెద్దవారి కార్డును మీ పెట్టెమీద ఉంచి, మిగిలినవాటిని వారు కూర్చున్న వరసలోనే బల్లమీద పేర్చుకోండి. పేర్లు గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. వాటిమీద వారి ఎదుట ఏమీ రాయకండి, మీ కాఫీ కప్పు వాటిమీద పెట్టకండి. కార్డులు మరిచిపోయి వచ్చారా? మరిచిపోయానని అనరు, ‘మేషి ఒ కిరషితె ఒరిమస్’, అయిపోయాయండి, అంటారు. ఎవరూ నమ్మరు, అందరూ ఒప్పుకుంటారు. తరవాత పోస్టులో పంపితే సరిపోతుంది.

ఇక వంగడం. దారిలో ఎదురైతే సుమారు 15 డిగ్రీలు, క్లయింటుకు 30, క్షమాపణకూ గాఢమైన కృతజ్ఞతకూ 45 అని శిక్షణలో నేర్పుతారు. చేతులు కలపడమో వంగడమో ఏదో ఒకటే చేయండి, రెండూ కలిపితే తలలు కొట్టుకుంటాయి. మన నమస్కారపు అలవాటుతో చేతులు జోడించనక్కరలేదు. చేతులు పక్కలకు ఆనించి నడుము దగ్గర వంగితే చాలు.

ఏడో పని: మీ అధికారికి ‘గారు’ తీసేయడం

జపనీస్‌లో మాట్లాడబోయేవారికి ఇది చాలా అవసరం, మనవాళ్ళకు ఇది చాలా కష్టం కూడా. తెలుగులో మనం పరాయివారి దగ్గర ‘మా నాన్నగారు వస్తున్నారు’ అంటాం. అలా అనకపోతే పెంపకాన్ని శంకిస్తారు. జపనీస్‌లో సరిగ్గా తిరగబడుతుంది. ఇంట్లో తండ్రిని ‘ఒతోసన్’ అని గౌరవంగా పిలిచే మనిషే, బయటివారితో మాట్లాడేటప్పుడు ‘చిచి’ అని ఏ గౌరవమూ లేని మాట వాడతాడు. నావారిని తగ్గిస్తేనే నీకు గౌరవం ఇచ్చినట్టు అన్నమాట. ఆఫీసుకూ ఇదే సూత్రం. మీ అధికారి తనకా అనుకుందాం. ఆఫీసులో ఆయన ‘తనకా సన్’. క్లయింటు ఎదుట, ఆయన పక్కనే కూర్చుని ఉన్నా సరే, ‘తనకా ఇప్పుడు వివరిస్తారు’ అనే ధోరణిలో, సన్ లేకుండా చెప్పాలి. నేను మొదటి ఏడాది ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో లెక్కలేదు. పెద్దాయనను పేరు పెట్టి అనడానికి నోరు రాలేదు, అలవాటుగా సన్ తగిలించాను, క్లయింటు చిన్నగా నవ్వి ఊరుకున్నారు. మీ పేరుకు మీరే సన్ చేర్చుకోవడం కూడా అంతే తప్పు. రాతలో క్లయింటు పేరుకు ‘సమ’, మనిషి పేరు లేకుండా సంస్థకు రాస్తే ‘ఒంచూ’ చేర్చండి.

ఎనిమిదో పని: వినడం, ఆగడం, ‘కాదు’ను గుర్తుపట్టడం

మీరు మాట్లాడుతుంటే ఎదుటివారు ‘హాయ్, హాయ్’ అని తల ఊపుతూ ఉంటారు. హాయ్ అంటే అవును అని నిఘంటువులో ఉన్నమాట నిజమే. కానీ ఇక్కడది మన ‘ఊఁ’ లాంటిది. కథ వినేవాడు ఊఁ కొట్టినంత మాత్రాన కథను ఒప్పుకున్నట్టు కాదు. మీవైపు నుంచి కూడా ఒక జాగ్రత్త కావాలి. మనం సరేనంటూ తలను పక్కలకు ఆడిస్తాం. వాళ్ళకది కాదన్నట్టో సందేహిస్తున్నట్టో కనిపిస్తుంది. పైకీ కిందికీ ఊపండి, నోటితో కూడా చెప్పండి.

ధర చెప్పాక నిశ్శబ్దం వస్తుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వాళ్ళు కాగితం చూస్తూ ఉంటారు, ఒకరు పళ్ళమధ్య నుంచి గాలి లోపలికి లాగుతారు. ఇక్కడ మనవాళ్ళకు ఊపిరాడదు. ఆ నిశ్శబ్దం భరించలేక ‘కావాలంటే కొంత తగ్గిస్తాం’ అనేస్తారు. ఎవరూ అడగలేదు. వాళ్ళు ఆలోచిస్తున్నారు, అంతే. పైగా అడగకుండా తగ్గించినందుకు మొదటి ధర ఎలా కట్టారన్న అనుమానం పుడుతుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగండి.

కాదు అనే మాట మీకు దాదాపు వినపడదు. ‘ముజుకషీ దెస్ నె’, కష్టమండీ, అంటే చాలావరకు కాదనే. అప్పుడు ‘కష్టమేముంది, మేం చూసుకుంటాం’ అని పట్టుబట్టకండి. ‘కెంతో షిమస్’, పరిశీలిస్తాం, అంటే తేలలేదని. వెనక ఏ ప్రశ్నా, ఏ తేదీ లేకుండా ఆ ఒక్క మాటే వస్తే తేలిపోయినట్టే, మీకు అనుకూలంగా కాదు. ‘మొచికయెరి’, అంటే వెనక్కి తీసుకెళ్ళి చూస్తాం, అన్నది మాత్రం మంచిదే కావచ్చు. ఆఫీసులో అడగవలసినవారు ఉన్నారని అర్థం. ఆ ప్రశ్న ఏమిటో, ఎప్పటిలోగా తెలుస్తుందో అప్పుడే అడిగి రాసుకోండి. వాళ్ళు వివరాల్లోకి దిగి చికాకు తెప్పించేటంత చిన్న ప్రశ్నలు వేస్తుంటే సంతోషించండి. ఆ ప్రశ్నలు రింగి పత్రంలోని గడుల నుంచి వస్తున్నాయి.

తొమ్మిదో పని: బయటికి రావడం, ఆ రోజే రాయడం

సమావేశం అయ్యాక కార్డులను ఒక్కొక్కటిగా తీసి పెట్టెలో పెట్టుకోండి. మిమ్మల్ని లిఫ్టు దాకా సాగనంపుతారు. నా మొదటి సమావేశంలో నేను లిఫ్టు ఎక్కి ఇటు తిరిగేసరికి ఎదుట నలుగురు నడుము దాకా వంగి ఉన్నారు. వాళ్ళూ దిగుతారు కాబోలు, తలుపు మూసుకుపోతుందని కంగారుపడి, తలుపు తెరిచే మీట నొక్కాను. లేచిన నలుగురూ మళ్ళీ వంగారు. తలుపు పూర్తిగా మూసుకునే దాకా వాళ్ళు అలాగే ఉంటారు. మీరు కూడా వారివైపు తిరిగి, వంగి, మీటల జోలికి పోకుండా ఉండాలి. భవనం దాటి బాగా దూరం వెళ్ళేదాకా సమావేశం గురించి తెలుగులో కూడా మాట్లాడుకోకండి. ముఖాలు చదవడానికి భాష అక్కరలేదు.

ఆ సాయంత్రమే ఉత్తరం పంపండి. ఏ ఉత్తరమైనా మొదటి వాక్యం దాదాపు ఒకటే: ‘ఇత్సుమొ ఒసెవ ని నత్తె ఒరిమస్’, ఎల్లప్పుడూ మీ ఆదరణ పొందుతున్నాం. నిన్ననే పరిచయమైనా అదే రాస్తారు. తరవాత ధన్యవాదాలు, ఆ వెనక గిజిరొకు, అంటే సమావేశంలో ఏం మాట్లాడుకున్నామో, ఎవరు ఏ తేదీకి ఏం చేయాలో రాసిన పట్టీ. తంతోషకు రేపు పైవారికి చెప్పుకోవడానికి అదే ఆధారం.

పదో పని: భోజనానికి పిలిస్తే

పిలుపు వస్తే వెళ్ళండి. శాకాహారులైతే, ఏర్పాట్లు చూసే మనిషికి (ఆయన్ను కన్జి అంటారు) రెండు మూడు రోజుల ముందే చెప్పండి. మాంసం, చేప తినను అంటే చాలదు. ‘దషి’ కూడా వద్దని చెప్పాలి. దషి అంటే వంటకు మూలమైన రసం. సాధారణంగా ఎండబెట్టిన చేప రేకులతో కాస్తారు. మిసో పులుసులోనూ, నూడుల్స్ రసంలోనూ, కూరగాయల ఉడుకులోనూ ఉంటుంది. తోఫు కదా అని తెప్పించుకుంటే, ఆ వేడికి దానిమీద చల్లిన చేప రేకులు సన్నటి కాగితాల్లా కదులుతూ వస్తాయి. కొంబు అనే సముద్రపు నాచుతోనో ఎండు పుట్టగొడుగులతోనో కాచిన దషి ఉంటుంది, బౌద్ధాలయాల వంటలో వాడేది అదే. ముందు చెబితే కన్జి అలాంటి చోటు వెతుకుతారు. అప్పటికప్పుడు చెబితే, అందరిముందూ ఆయన తలదించుకోవలసి వస్తుంది.

మద్యం తాగకపోతే ఊలాంగ్ టీ గ్లాసుతో కలవండి, ఎవరూ బలవంతపెట్టరు. అందరి గ్లాసులూ నిండి, పెద్దవారు ‘కన్‌పాయ్’ అనేదాకా తాగకూడదు. మీ గ్లాసు మీరే నింపుకోకండి, పక్కవారిది రెండు చేతులతో సీసా పట్టి నింపండి. మీది వారు చూసుకుంటారు. అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చకండి, పుల్లల నుంచి పుల్లలకు ఆహారం అందించకండి. మొదటిది చనిపోయినవారి ముందు పెట్టే అన్నం తీరు, రెండోది దహనం తరవాత ఎముకలు ఏరే తీరు. పిండాలూ అస్థి సంచయనమూ తెలిసిన మనకు ఆ జంకు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. టిప్పు ఇవ్వకండి. బిల్లు కోసం పెనుగులాడకండి, మర్నాడు పొద్దున్నే ధన్యవాదాలు రాయండి.

ఊరినుంచి ఏదైనా తీసుకెళ్ళాలనిపిస్తే, ఒక్కొక్కటీ విడిగా పొట్లం కట్టి, గడువు తేదీ అచ్చువేసినవి తీసుకెళ్ళండి. ఒక సంక్రాంతికి నేను అమ్మ చేసిన అరిసెలు డబ్బాతో మా ఆఫీసులో పెట్టాను. సాయంత్రం దాకా ఒక్కటీ తగ్గలేదు. అందులో ఏముందో తెలియదు, నెయ్యి చేతికంటుతుంది, కీబోర్డు ముందు ఎలా తినాలో తెలియదు, అడిగితే నేను నొచ్చుకుంటానేమోనని భయం. మామిడిపళ్ళ లాంటివి సామానులో పెట్టుకోకండి, పత్రాలు లేని పండ్లను విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. నాలుగు, తొమ్మిది లెక్కలో ఇవ్వకండి, ఆ అంకెల ఉచ్చారణ చావునూ బాధనూ గుర్తుచేస్తుంది. సంచిలోంచి బయటికి తీసి రెండు చేతులతో ఇవ్వాలి. సంచి మీరే వెనక్కి తెచ్చుకోవాలి.

పదకొండో పని: మాట తప్పబోతున్నప్పుడు

శుక్రవారం ఇస్తామన్నది ఇవ్వలేమని బుధవారం తెలిస్తే, బుధవారమే చెప్పాలి. జపాన్ ఆఫీసుల్లో కొత్తవారికి నేర్పే మొదటి పాఠం హోరెన్‌సో: నివేదించు, తెలియజేయి, సంప్రదించు అనే మూడు మాటల మొదటి ముక్కలు. కలిపి చదివితే పాలకూర అనే మాటలా వినిపిస్తుంది కాబట్టి ఎవరూ మరిచిపోరు. 1982లో యమతానె సెక్యూరిటీస్ అనే సంస్థ నుంచి ఇది ప్రచారంలోకి వచ్చింది. ‘దాదాపు అయిపోయిందండీ’ అనే మన మాటను అక్కడ పూర్తిగా మానుకోండి. పదింటిలో ఏడు అయ్యాయి, మూడు మిగిలాయి, అవి మంగళవారానికి అవుతాయి, అని చెప్పండి.

తప్పు జరిగాక ముందు క్షమాపణ, ‘మోషివకె గొజయ్‌మసెన్’, ఆ తరవాతే కారణం. కారణంతో మొదలుపెడితే సాకులా వినిపిస్తుంది. ఆ పైన, మళ్ళీ జరగకుండా ఏం చేశామో రాసిన నివేదిక అడుగుతారు. అందులో ‘ఫలానా ఇంజనీరు పొరపాటు, హెచ్చరించాం’ అని రాస్తే తిరిగి పంపుతారు. టొయోటాలో తైచి ఓనో నేర్పిన అయిదు ‘ఎందుకు’ల అలవాటు అక్కడ చాలాచోట్ల ఉంది. పొరపాటు ఎందుకు జరిగింది, తనిఖీలో ఎందుకు దొరకలేదు, తనిఖీలో ఆ అంశం ఎందుకు లేదు అని, మనిషిని దాటి పద్ధతి దాకా వెళ్ళాలి.

చివరిగా ఒక మాట. ఏప్రిల్ 1 చుట్టూ ఉద్యోగుల బదిలీలు జరుగుతాయి, కొద్ది వారాల ముందు దాకా వారికే తెలియకపోవచ్చు. మీ తంతోష కొత్తవారిని వెంటబెట్టుకుని పరిచయం చేయడానికి వస్తే, అది మర్యాదకు వచ్చిన పదినిమిషాల పనే అయినా మీ పెద్దవారిని కూడా కూర్చోబెట్టండి. కొత్తవారికి పాత గిజిరొకులన్నీ ఒకేచోట పెట్టి ఇవ్వండి. వెళ్ళిపోయే మనిషికి, కొత్త విభాగంలో చేరిన వారంలోపు రెండు వాక్యాల ఉత్తరం రాయండి. ఆ విభాగంలోనూ ఎవరో ఒకరు రింగి పత్రం రాస్తూనే ఉంటారు.